ఇసుక గట్టు

చేపలాయన లేచి నిలబడబోతే టీచరమ్మ వద్దని చెయ్యి ఊపి, తనే స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది.

ఇళ్ళల్లో, ఆఫీసుల్లో చేపల ట్యాంకులు చూసుకోవడం అతని పని. అందుకే అందరూ చేపలాయన అంటారు. నిన్న పొద్దున్నుంచీ స్టేషన్లోనే ఉన్నాడు. రిటైరైన కళ్ళ డాక్టరొకాయన తన ఇంటి హాల్లో, పగడాలు పెంచుకునే ఉప్పునీటి ట్యాంకు ముందు, కరెంటు షాక్ కొట్టి చనిపోయాడు. ఆ ట్యాంకుని క్రితం సాయంత్రం ముట్టుకున్నవాడు చేపలాయన. ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. చేపలాయన అక్క ఏడుస్తూ టీచరమ్మ దగ్గరికి పరిగెత్తింది.

టీచరమ్మ హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పడం మానేసి, డిటెక్టివ్‌గా బోర్డు పెట్టి చాలా కాలమైంది. బోర్డు మారింది గానీ జనం నోట్లో పిలుపు మారలేదు.

ఆవిడ ఒక్కొక్కటే అడుగుతుంటే చేపలాయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చాడు. ట్యాంకులో రెండు పంపులున్నాయి. సముద్రంలో అలలా నీటిని కదిలించేవి. ఇంతకు ముందు రెండూ ఒకే వైపు ఉండేవి. దాంతో రాళ్ళ వెనకాల ఒక మూలకి నీరు పారేది కాదు. అక్కడ చెత్త చేరి, ఇసుక మీద ఎర్రటి జిగురు పట్టింది. డాక్టరుకి అది కంట్లో నలుసులా ఉండేది. అందుకని రెండు వారాల కిందట చేపలాయన పంపుల్ని విడదీశాడు. ఒకటి ఎడమ కొసకి, ఒకటి కుడి కొసకి, ఎదురెదురుగా, కొంచెం ముందు అద్దం వైపు తిప్పి పెట్టాడు. నీరు అద్దానికి తగిలి విచ్చుకుని, రాళ్ళ వెనక్కి తిరిగి, మూలమూలకీ పోతుంది. జిగురు నాలుగు రోజుల్లో పోయింది.

“మరి మొన్న సాయంత్రం ఏం చేశావు?”

అద్దాలు తుడిచానన్నాడు. పంపులు ముట్టుకోలేదన్నాడు. నీటి మీద జిడ్డు తేలుతోందని డాక్టరు అంటే, ఎడమ పంపు మూతిని కొంచెం పైకి తిప్పితే పైనీరు కదిలి జిడ్డు పోతుందని, శనివారం వచ్చి చేస్తానని చెప్పి వెళ్ళాడట.

ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నది సరిగ్గా ఆ మాటనే. ఎందుకంటే డాక్టరు చనిపోయాక చూస్తే, ఎడమ పంపు నిజంగానే పైకి తిరిగి ఉంది. కొంచెం కాదు, నీళ్ళు బయటికి చిమ్మేంత. దాని కిందే గోడ పక్కన ప్లగ్గుల బోర్డు.

“నేను చెప్పాను, అంతేనండీ. చెయ్యలేదు,” అన్నాడు చేపలాయన. “చేస్తే చేశానని ఒప్పుకోనా? ఆయన నన్ను తమ్ముడిలా చూసేవారు.”

టీచరమ్మ ఆ మాటని నమ్మనూ లేదు, కొట్టిపారేయనూ లేదు. పంపులు ట్యాంకుకి ఎలా పట్టుకుని ఉంటాయని అడిగింది. అద్దానికి అటొకటి ఇటొకటి అయస్కాంతం ఉంటుందని, మూతి పైకీ కిందికీ తిప్పాలంటే మాత్రం నీళ్ళలో చెయ్యి పెట్టక తప్పదని చెప్పాడు. ఎడమ పంపు పక్కనే నిప్పు పగడం ఉంది కాబట్టి తను ఎప్పుడూ వెంట తెచ్చుకునే రబ్బరు తొడుగు భుజం దాకా వేసుకుంటానన్నాడు. అది ఒంటికి తగిలితే వేడి నూనె పడ్డట్టు బొబ్బలెక్కి, వారం దాకా మంట తగ్గదట.

టీచరమ్మ అతని రెండు చేతులూ చాపమని, వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. నున్నగా ఉన్నాయి. కానీ తొడుగు వేసుకునేవాడి చేతులు నున్నగా ఉండటంలో వింతేముంది? ఆవిడ లేచింది.

*

డాక్టరు ఇంట్లో హాలు తలుపు తెరిచే ఉంది. ఇన్‌స్పెక్టర్ అప్పటికే వచ్చి ఉన్నాడు. టీచరమ్మని చూడగానే కుర్చీలోంచి సగం లేచి, లేచినందుకు తనమీద తనకే కోపం వచ్చి, మళ్ళీ కూర్చున్నాడు. పదో క్లాసులో ఆవిడ దగ్గర చదువుకున్నవాడు. కానిస్టేబుల్ ముందు ఆవిడ అతన్ని మీరు అనే అంటుంది. అతనికి అదీ ఇబ్బందే.

ట్యాంకు ముందు డాక్టరు కూతురు కూర్చుని ఉంది. కుడి కొసన ముక్కాలి పీట మీద కూర్చుని, మగ్గుతో నీళ్ళు ముంచి, కొంచెం ఎత్తునుంచి మళ్ళీ ట్యాంకులోకే మెల్లగా పోస్తోంది. ముంచుతోంది, పోస్తోంది. ట్యాంకు పంపులు వెయ్యద్దని పోలీసులు చెప్పి వెళ్ళారు. నీళ్ళు కదలకపోతే పగడాలు ఊపిరాడక చచ్చిపోతాయని నాన్న అంటుండేవాడట. అందుకని నిన్న మధ్యాహ్నం నుంచీ ఇదే పని. మణికట్టు దగ్గర చెయ్యి వాచిపోయింది.

“ఇంకాసేపే అమ్మా,” అని టీచరమ్మ ఆమె చేతిలోంచి మగ్గు తీసి పక్కన పెట్టింది. “ఇవాళే పంపులు వేయిస్తాను.”

“ఎవరిని అడిగి?” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

“మిమ్మల్నే. అడగబోతున్నాను.”

అతను తన కేసు మొత్తం చెప్పాడు. నిజానికి బాగానే చెప్పాడు. చేపలాయన పంపు పైకి తిప్పి వెళ్ళాడు. రాత్రంతా ఉప్పునీరు బోర్డు మీద చిమ్మింది. డాక్టరు పొద్దున్నే లేచి చూసి, ప్లగ్గు లాగేద్దామని తడి బోర్డు మీద చెయ్యి వేశాడు. ఎడమ పంపు ప్లగ్గు సగం బయటికొచ్చి ఉంది. ఆయన ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు కాలి ఉన్నాయి. మెయిన్ స్విచ్చి ట్రిప్పయి ఉంది. హత్య అనట్లేదు, నిర్లక్ష్యం అంటున్నాను, నిర్లక్ష్యం వల్ల పోయినా ప్రాణం ప్రాణమే కదా అన్నాడు.

టీచరమ్మ ట్యాంకు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బారెడు పొడవు, నడుమెత్తు బల్ల మీద ఉంది. రాళ్ళ మీద పగడాలు ముడుచుకుపోయి, రంగు తగ్గి ఉన్నాయి. ఆవిడ వాటిని చూడట్లేదు. అడుగున ఇసుక చూస్తోంది.

ఎడమవైపు ఇసుక, కుడివైపు ఇసుక లోపలికి ఊడ్చినట్టు పల్లమయ్యాయి. సరిగ్గా నడి మధ్యలో, ముందు అద్దం నుంచి రాళ్ళ దాకా, జానెడెత్తు లేకపోయినా చక్కగా తీర్చినట్టు ఒక గట్టు. దాని అంచు వంటింట్లో కత్తిపీట అంచంత పదునుగా ఉంది.

“ఇది మీ ఫోటోల్లో ఉందా?” అని అడిగింది.

ఇన్‌స్పెక్టర్ ఫోన్ తీసి నిన్న పొద్దుటి ఫోటోలు చూపించాడు. గట్టు ఉంది. ఇంతే పదునుగా ఉంది. వాటిలోనే బోర్డు మీద నీటి చుక్కలున్నాయి, లెక్కపెట్టొచ్చు. బోర్డు వెనక గోడ మాత్రం పొడిగా ఉంది.

“ఇప్పుడు అడుగుతున్నాను. మెయిన్ వేసి, పంపులు అలాగే, ఎలా ఉన్నవి అలాగే నడిపిద్దాం. బోర్డు మాత్రం పక్కకి జరిపి.”

“మేడం, ఇది స్కూలు ల్యాబు కాదు.”

“అయితే మరీ మంచిది. ల్యాబులో మీరు చూడకుండానే రీడింగులు రాసేవారు.”

కానిస్టేబుల్ గోడవైపు తిరిగి దగ్గాడు. ఇన్‌స్పెక్టర్ దవడ బిగించి, సరే అన్నాడు. బోర్డుని పొడవాటి తీగతో అవతలి గోడకి మార్చారు. టీచరమ్మ తన కెమెరాతో గట్టుని నాలుగు వైపులనుంచీ ఫోటోలు తీసుకుని, వెయ్యమంది.

పంపులు గుర్రుమన్నాయి. ఎడమ పంపులోంచి నీరు పైకి లేచి, ట్యాంకు అంచు దాటి, ధారగా గోడని కొట్టింది. అక్కడ నిలబడ్డ ఇన్‌స్పెక్టర్ ఒక్క గెంతు గెంతినా చొక్కా సగం తడిసింది. గోడ మీంచి నీరు కారి నేలమీద మడుగు కట్టడం మొదలైంది.

టీచరమ్మ అతన్ని చూడట్లేదు, నవ్వట్లేదు. “గట్టు చూడండి,” అంది.

ఎదురు నిలిచే ప్రవాహం లేకపోయేసరికి కుడి పంపు నీరు అడ్డూ ఆపూ లేకుండా నడిమికొచ్చింది. గట్టు కుడి అంచు ముందు గింజలు గింజలుగా రాలింది. తర్వాత ముక్కలుగా జారింది. ఇన్‌స్పెక్టర్ జేబురుమాలుతో మొహం తుడుచుకోవడం పూర్తయ్యేలోపు గట్టు తల ఎడమవైపుకి వాలిపోయింది. కాఫీ తాగేంత సేపట్లో గట్టు ఉన్నచోట చదునైన ఇసుక మిగిలింది. ట్యాంకులో నీరు అంచు గుర్తు కంటే రెండు వేళ్ళు కిందికి దిగింది.

“రెండు ప్రవాహాలు ఎదురెదురుగా వచ్చి ఢీకొన్న చోట ఇసుక పడుతుంది. అదే ఆ గట్టు. ఒకటి పక్కకి తప్పుకుంటే ఆ గట్టు నిలవదు, మీరే చూశారు. నిన్న పొద్దున నిలిచే ఉంది. గోడ పొడిగా ఉంది. నీరు గుర్తు దగ్గరే ఉంది. రాత్రంతా నీరు చిమ్మిందంటున్నారు. చిమ్మితే గోడమీద తెల్లగా ఉప్పు పేరుకోవాలి, ట్యాంకు సగం ఖాళీ అవాలి.” ఆవిడ లేచి మోకాళ్ళు దులుపుకుంది. “పంపులు నడుస్తున్నంతసేపూ ఆ మూతి పైకి లేదు. ఆగిపోయాక ఎవరో తిప్పారు. అవి ఆగింది నిన్న పొద్దున. అప్పటికి తన ఇంట్లో ఉన్న చేపలాయన ఎలా తిప్పుతాడు?”

ఇన్‌స్పెక్టర్ మొండివాడే గానీ కళ్ళ ముందున్నది కాదనే రకం కాదు. కానిస్టేబుల్‌ని పిలిచి, చేపలాయనని ఇంటికి పంపమని స్టేషన్‌కి ఫోన్ చెయ్యమన్నాడు. తర్వాత ఎడమ పంపు ప్లగ్గు పీకించి, కుడిదాన్ని అలాగే నడవనిచ్చాడు. నీరు మెల్లగా తిరగడం మొదలైంది.

*

గొడవ అప్పుడు మొదలైంది.

ఎవరు తిప్పారన్న ప్రశ్నకి టీచరమ్మ దగ్గర సమాధానం సిద్ధంగా ఉంది. దారిలో ఆవిడ డాక్టరు పనిచేసిన కంటి ఆసుపత్రికి వెళ్ళొచ్చింది. అల్లుడూ కళ్ళ డాక్టరే, అదే ఆసుపత్రి. కిందటి నెల అతను ఆపరేషన్ చేసిన ఒక పెద్దావిడకి చూపు పోయింది. ఆ రోజు అల్లుడి చేతులు వణుకుతున్నాయని, కొన్నాళ్ళుగా వణుకుతూనే ఉన్నాయని, ఇంకెవరి కంటిమీదా కత్తి పెట్టనివ్వకూడదని పెద్ద డాక్టరు ఆసుపత్రి కమిటీ ముందు చెప్పబోయాడు. చెప్పాల్సింది నిన్న మధ్యాహ్నం. పొద్దున్నే పోయాడు.

ఇన్‌స్పెక్టర్‌ని వరండాలోకి పిలిచి ఇదంతా చెప్పింది. అతనికి ఒళ్ళు మండింది. ఇంత సంగతి తెలిసి ఇందాకే చెప్పకుండా తనని నీళ్ళలో ముంచడమేమిటన్నాడు. చెప్తే మీరు వినేవారా అంది ఆవిడ. అయినా అల్లుడు ఆ టైముకి వాకింగ్‌కి వెళ్ళాడని, కూతురు అరుపులకి పక్కింటివాళ్ళు వచ్చాక గేటు తీసుకుని లోపలికొచ్చాడని పక్కింటివాళ్ళే చెప్పారన్నాడు.

“వాకింగ్‌కి వెళ్ళాడో లేదో అతని చెయ్యే చెప్తుంది,” అంది టీచరమ్మ. “తొడుగు లేకుండా మూతి తిప్పిన చెయ్యి నిప్పు పగడాన్ని రాసుకోక తప్పదు.”

అల్లుణ్ణి పై వాటాలోంచి పిలిపించారు. చదువుకున్న, మర్యాదస్తుడైన మనిషి. మెట్లు దిగి వచ్చి భార్య కుర్చీ వెనక నిలబడ్డాడు. చొక్కా చేతులు మడవమంటే ఎందుకని కూడా అడగకుండా భుజాల దాకా మడిచాడు. రెండు చేతులూ చాపాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. చర్మం మీద మాత్రం గీత లేదు, మచ్చ లేదు.

కూతురు కూడా అడక్కుండానే చేతులు చాపింది. నీళ్ళు ముంచిన వాపు తప్ప ఏమీ లేదు.

ఇన్‌స్పెక్టర్ మొహం చూడటానికి టీచరమ్మకి మనసొప్పలేదు. అయినా చూసింది. అతను గెలిచినట్టు నవ్వట్లేదు. ఏదో ఆలోచిస్తున్నాడు.

“మేడం,” అన్నాడు, “ఈ ఇంట్లో నిన్న పొద్దున ఇంకొక మనిషి ఉన్నాడు కదా. ఆయన చేతులు ఎవరమూ చూడలేదు.”

మార్చురీకి ఫోన్ కలిపాడు. అవతలి డాక్టరు వెళ్ళి చూసొచ్చేదాకా ఫోన్ చెవికి పెట్టుకునే ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ వింటూ ఊఁ కొట్టి, ఫోన్ పెట్టేసి, టీచరమ్మ వైపు తిరిగాడు. పెద్ద డాక్టరు కుడిచేతి మీద, మోచేతి కింద, ఎర్రగా పొంగిన బొబ్బలున్నాయట. బతికుండగా లేచినవేనట, చనిపోయిన శరీరం మీద అలా లేవవట.

టీచరమ్మ వేసుకున్న లెక్క తప్పింది. పంపు తిప్పింది డాక్టరే. జిడ్డు పోగొడదామని, చేపలాయన వచ్చేదాకా ఆగలేక, తనే చెయ్యి పెట్టాడు. మంట పుట్టి చెయ్యి విదిలించుకుంటే మూతి కావలసినదానికంటే ఎక్కువ తిరిగిపోయి ఉంటుంది.

“కానీ పంపు ఆగి ఉన్నప్పుడు తిప్పాడు,” అంది తనలో తను అనుకుంటున్నట్టు. తర్వాత కూతుర్ని అడిగింది. “అమ్మా, మీ నాన్నగారు ట్యాంకులో చెయ్యి పెట్టే ముందు ఏం చేసేవారు?”

కూతురు మొహంలో మొదటిసారి నవ్వులాంటిదేదో కదిలింది. మెయిన్ కట్టేసేవారంది. ప్లగ్గు తీస్తే చాలు కదా నాన్నా అంటే వినేవారు కాదట. ఇల్లంతా కరెంటు తీసేస్తేనే ఆయనకి ధైర్యం. పై వాటాక్కూడా అదే మెయిన్ కావడంతో ఎన్నోసార్లు పోట్లాట కూడా అయిందట.

“నిన్న కూడా కట్టేశారా?”

“కట్టేసే ఉంటారు.”

ఇన్‌స్పెక్టర్ తల పైకెత్తాడు. మెయిన్ కట్టేసి ఉంటే, పంపు తిప్పేందుకు తీగ చాలక దాని ప్లగ్గుని సగం లాగినా, దాన్ని ఉప్పునీటితో తడిసిన చేత్తో పట్టుకున్నా, డాక్టరుకి ఏమీ కాకూడదు. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

“ఆ సమయానికి మీరెక్కడున్నారమ్మా?” అని అతనే అడిగాడు. నిన్న అడగాల్సిన ప్రశ్న అది. నిన్న అతను అడిగిందల్లా ఆమె కిందికి దిగాక ఏం చూసిందన్నదే.

పైన పడుకుని ఉన్నానంది. సగం నిద్రలో ఉన్నానంది. ఫ్యాన్ ఆగి, ఉక్కపోసి మెలకువొచ్చిందట.

“అప్పుడు దిగి వచ్చారా?”

“లేదండీ. మళ్ళీ తిరిగింది.” ఆమె నొసలు ముడిపడింది. “కొంచెం సేపే. వెంటనే ఆగిపోయింది. కిందేదో పడ్డ చప్పుడైంది. అప్పుడు దిగాను.”



“మొదటిసారి ఆగినప్పుడు,” అంది టీచరమ్మ చాలా నెమ్మదిగా, “నీ పక్కన ఎవరైనా ఉన్నారా తల్లీ?”

“ఈయన ఉన్నారు. కరెంటు పోయినట్టుంది, నేను చూసొస్తాను, నువ్వు పడుకో అని...”

ఆమె ఆగిపోయింది. ఆ మాట తన నోటినుంచి బయటికొచ్చాకే తనకి వినిపించింది. మెల్లగా తల తిప్పి, కుర్చీ వెనక నిలబడ్డ భర్తని చూసింది. కుర్చీ చేతుల మీంచి తన చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

అల్లుడు మడిచిన చొక్కా చేతులు ఒక్కొక్కటీ కిందికి దించుకుని బొత్తాలు పెట్టుకున్నాడు. వణుకుతున్న వేళ్ళతో రెండో బొత్తానికి కాస్త టైము పట్టింది. గొంతులో మాత్రం వణుకు లేదు. కరెంటు పోయిందనుకున్నాను, వేశాను, వాకింగ్‌కి వెళ్ళిపోయాను అన్నాడు. ఆ తర్వాత జరిగింది చూసి భయపడి చెప్పలేదన్నాడు.

“మామయ్యగారి చెయ్యి నీళ్ళలో ఉందని నాకెలా తెలుస్తుంది? మీరే చెప్పండి.”

మనిషి మనసులో ఏముందో ఇసుక చెప్పదు. టీచరమ్మ ట్యాంకు ముందు, పెద్ద డాక్టరు నిలబడ్డ చోటే, చేతులు కట్టుకుని నిలబడిపోయింది.

ఇన్‌స్పెక్టర్ హాలు దాటి మెట్ల కిందికి వెళ్ళాడు. తల వంచి, మెయిన్ బోర్డు తలుపు తెరిచి, స్విచ్చి మీద చెయ్యి వేశాడు. అలాగే తల పక్కకి తిప్పి చూశాడు.

“ఇక్కణ్ణుంచి ట్యాంకు మొత్తం కనిపిస్తోంది మేడం,” అన్నాడు. “దాని ముందు మీరు కూడా.”